అల్లుడుగారి సూర్యుడు

సరిగ్గా ఐదు. దీపం ఇంకా తెల్లగానే ఉందనుకుంటున్నాను. ఉంది అని తేల్చి చెప్పలేక ఉందనుకుంటున్నాను అనవలసి రావడం, ముప్పై ఏడేళ్ళుగా రంగులు చూసి బతుకుతున్నవాడికి ఎంత అవమానమో లోకానికి తెలియదు. తెలియజెప్పే అవకాశం ఆరింటికి వస్తుంది, అందాకా నేను ఈ కుర్చీ వదలను. ఎదురుగా బల్ల, బల్లమీద మెత్తని గుడ్డ, గుడ్డమీద ఒక కన్ను. అది నన్ను చూస్తోంది, నేను దీపాన్ని చూస్తున్నాను. అరచేతి వెడల్పున గుండ్రంగా పైకప్పుకు అతుక్కుని, పాపం పుణ్యం ఎరగని పసిముఖం పెట్టుకుని కూర్చుంది దీపం. ఆ ముఖం చూసే నేను మూడు నెలలు మోసపోయాను. ఆరింటిలోపు అది తెలుపులోంచి పసుపులోకి, పసుపులోంచి తేనెరంగులోకి, ఒక్క రెప్పపాటుకూ పట్టుబడకుండా జారిపోతుంది. జారుతుందని దాన్ని పెట్టించిన మహానుభావుడే గర్వంగా సెలవిచ్చారు గనుక అందులో సందేహం లేదు. నాకు కావలసింది జారుతుండగా చూడటం. సంచీలో చెయ్యి ఉండగా దొంగ చేతిని పట్టుకున్నట్టు పట్టుకోవాలి. ఆరింటికి పంతులమ్మ వస్తుంది. ఈ కన్ను ఆమెది. ఇది కూడా తిరిగి వచ్చిందా, ఇక ఈ బల్ల, ఈ కుంచెలు, ఈ ముప్పై ఏడేళ్ళు అన్నీ కట్టిపెట్టి, వరండాలో కూర్చుని వచ్చేపోయే వాహనాల రంగులు చెప్పుకుంటూ కాలక్షేపం చేయవలసిందే, అవీ సరిగ్గా చెప్పలేనని మా ఇంట్లో ముగ్గురు ఇప్పటికే నమ్ముతున్నారు.

కన్ను పోయినవాళ్ళకు కన్ను చేసిపెట్టడం నా వృత్తి. చూపు ఇవ్వడం నా వల్ల కాదు. ఎదుటివాళ్ళు చూపు తిప్పుకోకుండా చేయడం మాత్రం అవుతుంది. గాజు కన్ను అంటారు జనం, గాజు పోయి ప్లాస్టిక్ వచ్చి ఎన్నేళ్ళయినా. నల్లగుడ్డు అంటారు, అందులో నలుపు ఏపాటిదో ఒక్కనాడైనా దగ్గరగా చూడకుండా. కంటిపాప చుట్టూ తుప్పురంగు వలయం, దాన్ని ఆనుకుని పాత తోలు రంగు, అంచుకు వచ్చేసరికి తడిసిన చెక్క రంగు, వాటి నడుమ ఎక్కడో ఒకచోట, మనిషి మనిషికీ వేరే చోట, ఆకుపచ్చ అనడానికి జంకేంత ఆకుపచ్చ. చిన్నవేలి గోరంత నల్లబిళ్ళ మీద ఇవన్నీ గీత పక్కన గీతగా, పొర మీద పొరగా వేయాలి. ఎదురుగా మనిషిని కూర్చోబెట్టుకుని, ఉన్న కన్ను చూస్తూ, లేని కన్ను వేయాలి. తెల్లగుడ్డు మీది నరాలకు ఎర్ర పట్టుపోగులను వెంట్రుకకన్నా సన్నగా విడదీసి అతికిస్తాను. మా గురువుగారు ఇదంతా కిటికీ వెలుతురులోనే చేసేవారు. సాయంత్రం నాలుగు దాటితే కుంచె ముట్టుకునేవారు కారు, ఎవరొచ్చి బతిమాలినా రేపు రమ్మనేవారు. నాకూ ఒక కిటికీ ఉండేది. దాని ఎదుట పక్కవాళ్ళు మేడ కట్టారు. రోజుకు రెండు వరసల చొప్పున ఇటుకలు లేచాయి, రోజూ ఆ తాపీమేస్త్రీని నేనే పలకరించేవాణ్ణి, బాగా కడుతున్నావయ్యా అని మెచ్చుకున్నాను కూడా. ఒకనాడు తలెత్తి చూస్తే కిటికీలో ఆకాశం లేదు. అప్పుడు ఈ బల్లమీద ఒక ట్యూబులైటు పెట్టించుకున్నాను. పద్దెనిమిదేళ్ళు వెలిగింది. దాని తెలుపు కొంచెం నీలానికి మొగ్గుతుందని నాకు తెలుసు, ఎంత మొగ్గుతుందో తెలుసు, ఆ మొగ్గును మనసులోనే సరిచేసుకుని రంగు కలిపేవాణ్ణి. పద్దెనిమిదేళ్ళు కాపురం చేసిన తర్వాత ఎదుటివారి మాటలో ఎంత మినహాయించుకోవాలో తెలిసినట్టు.

ఆ ట్యూబులైటును పాత సామాన్లవాడికి ఇచ్చేశారు. ఎవరు ఇచ్చారని అడగకూడదు. అడిగితే అల్లుడుగారని చెప్పవలసి వస్తుంది, చెబితే తప్పని అనవలసి వస్తుంది, అల్లుడు చేసినదాన్ని మామగారు తప్పనడం ఏ మర్యాద గ్రంథంలోనూ రాసిలేదు. నాలుగేళ్ళ బంధుత్వంలో ఆయనకు నేను వడ్డించిన మాటలన్నీ చిరునవ్వు అద్దినవే. మంచివాడు. అక్కడే వచ్చింది చిక్కంతా. చెడ్డవాడైతే ఎంత హాయిగా తిట్టుకునేవాణ్ణి. ఫ్యాక్టరీలలో యంత్రాలు వాటంతటవే నడిచేటట్టు చేయడం ఆయన ఉద్యోగం, ఇంటికొచ్చాక చేతులు ఊరికే ఉండవు, మేడమీద వాటాలో ఉంటూ కిందనున్న మమ్మల్ని ఉద్ధరించకుండా ఉండలేకపోయారు. మూడు నెలల కిందట ఒక ఆదివారం పొద్దున్న నిచ్చెన వేసుకుని గదిగదికీ ఎక్కి దిగారు. సాయంత్రానికల్లా మా ఇంటికి కొత్త సూర్యుడు ఉదయించాడు, పన్నెండు ముక్కలుగా, పన్నెండు పైకప్పులకు. కింద నిలబడి మా ఆవిడ నిచ్చెన పట్టుకుంది. మా అమ్మాయి ఫోనులో చూపించింది, పొద్దున్న తెలుపు, మధ్యాహ్నం నిండు వెలుగు, సాయంత్రం నుంచి వెచ్చదనం, రాత్రికి నిప్పుకణిక. అల్లుడుగారు చెయ్యి తుడుచుకుంటూ, మెల్లమెల్లగా మారుతుంది మామయ్యగారూ, మీకు తెలియకుండానే మారుతుంది, రాత్రి మంచి నిద్ర పడుతుంది అన్నారు. బాగుంది బాబూ అన్నాను. అన్నాను! ఆ ఒక్క మాటతో ఇంటి వెలుతురంతా దానపత్రం రాసి ఇచ్చేసినట్టయింది. మరునాడు చూద్దును కదా, గోడమీది స్విచ్చులన్నిటికీ అడ్డంగా టేపు. స్విచ్చు ఆర్పితే దీపాలకు ఫోనుతో సంబంధం తెగిపోతుందట, అందుకని ఎవరూ తాకకూడదట. నేను కట్టుకున్న ఇంట్లో, నేను పెట్టించుకున్న స్విచ్చులు నోటికి గుడ్డ కట్టినట్టు నిలబడి ఉన్నాయి, వాటి ముందునుంచి వెళ్ళినప్పుడల్లా నాకు నా నోరే కనిపిస్తుంది.

ఐదూ పది. తెల్లగానే ఉంది. కాదు, తెల్లగానే ఉన్నట్టు ఉంది. ఇక్కడే నా ఘనకార్యం ఒకటి ఒప్పుకోవాలి. తెలియకుండానే మారుతుంది అని ఆయన అన్నప్పుడు నేను లోపల నవ్వుకున్నాను. పాపం, మామూలు కళ్ళవాళ్ళ కోసం చేసిన యంత్రం, నా ముందు ఏం పారుతుంది అనుకున్నాను. గోధుమరంగులో నూట పది రకాలు విడదీసి చెప్పగలవాడికి తెలియకుండా రంగు మారడమా, పైగా సొంత నెత్తిమీద! మారితే నాకు తెలుస్తుంది. తెలియలేదు గనుక మారలేదు. నేను పని కట్టేసుకున్నాక, దీపాలు పెట్టేవేళ దాటాక మారుతుంది కాబోలు అని తీర్మానించుకున్నాను. తార్కికులు ముక్కున వేలేసుకునే తీర్మానం. నిజానికి అది మూడింటికే మొదలవుతుంది. దానితోపాటు నా కన్నూ జారుతుంది. పసుపును తెలుపని ఒప్పుకుంటుంది, తేనెను పసుపని ఒప్పుకుంటుంది, పనివాడి కన్ను గనుక మరీ త్వరగా, మరీ వినయంగా ఒప్పుకుంటుంది. ఒక్క కుదుపు కుదిపి మారి ఉంటే మా ఆవిడైనా పట్టుకునేది. మెల్లగా వచ్చినదాన్ని ఎవరు ఆపారు? నాకు మనుషుల్ని పంపే ఆసుపత్రిలో కంటి డాక్టరు మొదట్లో నేను గుమ్మంలోకి రాగానే లేచి రండి సార్ అనేవాడు, తర్వాత కూర్చునే రండి అన్నాడు, తర్వాత పెద్దాయనా అన్నాడు, ఇప్పుడు ఫోను చేసి ఎలా ఉంది మీ ఆరోగ్యం అంటున్నాడు. ఏ రోజున ఏ మెట్టు దిగానో చెప్పమంటే చెప్పలేను, కింద నిలబడి ఉన్నానని మాత్రం తెలుస్తోంది.

మొదట తిరిగివచ్చింది దర్జీ కన్ను. పెద్దమనిషి, కేక వేయలేదు. దుకాణంలో అద్దం ముందు నిలబడితే ఒక కన్ను ఉతికినట్టూ ఒకటి ఉతకనట్టూ ఉందండీ అని మాత్రం అన్నాడు, గుడ్డలవాడి భాషలో. పొరపాటనుకుని ఇంకొకటి చేసిచ్చాను, అదృష్టవశాత్తూ ఆయన ఆ రెండోసారి దుకాణం మూసి పొద్దున్నే వచ్చాడు. తర్వాత పంతులమ్మది. ఎనిమిదేళ్ళ కిందట ఆమెకు మొదటి కన్ను చేసింది నేనే. చిన్నప్పుడే ఎడమకన్ను పోయింది, బడిలో ఉద్యోగం వచ్చిన వారానికి నా దగ్గరికి వచ్చింది. ఆ కన్ను అరిగి కొత్తది కావలసివచ్చింది. బడి విడిచాక, నాలుగున్నరకు వచ్చి ఈ కుర్చీలో రెండు గంటలు కదలకుండా కూర్చుంది. పెట్టుకుని వెళ్ళింది. వారం తిరగకుండా వచ్చి బల్లమీద పెట్టింది. మూడో తరగతిలో ఎవరో చేయెత్తి, టీచర్, ఆ కన్ను ఎవరిది అని అడిగారట. నవ్వుతూనే చెప్పింది. నవ్వుతూ చెప్పింది గనుక నాకు మూడురోజులు అన్నం సయించలేదు. డాక్టరు ఫోను అప్పుడే వచ్చింది. యంత్రం మీద ఫొటో పెట్టి నల్లగుడ్డు అచ్చువేసి పంపే సంస్థ ఒకటి ఉందట. పంతులమ్మగారిది ఇంకోసారి చూడండి, కుదరకపోతే ఇకమీదట అక్కడికే పంపుకుందాం, మీరూ విశ్రాంతి తీసుకోవాలి కదా అన్నాడు, నాకు వరం ఇస్తున్నట్టు. పక్క గదిలోంచి విన్నట్టుంది మా అమ్మాయి, రేపు పొద్దున్న ఎనిమిదింటికి వేరే ఆసుపత్రిలో నా కళ్ళ పరీక్షకు పేరు రాయించింది. నాన్నా, శుక్లం వస్తే అన్నీ పచ్చగా, మట్టిరంగుగా కనిపిస్తాయట, అందుకే రంగులు తప్పుతున్నాయేమో, ఆపరేషను అరగంటే అంది. బిడ్డ ప్రేమతోనే అంది. నా ఇంట్లో నన్ను పొడిచేవన్నీ ప్రేమతోనే పొడుస్తాయి.

శుక్లమేమో. ఈ మాట మనసులోకి ఎప్పుడు వచ్చిందో, వచ్చి ఎంతసేపు కూర్చుందో. అరవై ఏళ్ళ కన్ను, ముప్పై ఏడేళ్ళు గోరంత బిళ్ళలమీద ఖర్చయిన కన్ను, పాడు కాకూడదని ఎక్కడుంది? కాని నిన్న సాయంత్రం ఏం జరిగింది? ఇదే వేళకు కరెంటు పోయింది. పావుగంట తర్వాత వచ్చింది. వచ్చిన ఆ క్షణంలో, దీపాలకు ఇంకా తమ యజమాని ఆజ్ఞ అందని ఆ ఒక్క క్షణంలో, గదంతా ఫెళ్ళున తెల్లబడింది. బల్లమీద ఈ కన్ను పరాయి మనిషి ముఖంలా కనిపించింది, నేను వేయనిదానిలా, ఎవరో నా కుంచె ఎత్తుకుపోయి వేసినట్టుగా. మరుక్షణం ఆజ్ఞ అందింది. గది తేనెలో మునిగింది. కన్ను మళ్ళీ నాది అయింది. కరెంటొచ్చింది అని మా ఆవిడ వంటింట్లోంచి అంది, ఇంట్లో జరిగింది అంతేననుకుని. నేను రాత్రి పడుకుని లెక్క కట్టాను. దర్జీ వచ్చింది సాయంత్రం. పంతులమ్మ వచ్చింది సాయంత్రం, ఈ రెండో కన్ను కోసం మళ్ళీ కూర్చున్నదీ సాయంత్రమే. ఈ మూడు నెలల్లో పొద్దున్న వచ్చి కూర్చున్న వాచ్‌మాన్ కన్ను తిరిగి రాలేదు, ఒక ముసలమ్మ కన్ను తిరిగి రాలేదు. దర్జీదే పొద్దున్న చేసింది తిరిగి రాలేదు. పొద్దున్న ఉండని శుక్లం సాయంత్రానికి వస్తుందా? ఇది అమ్మాయికి చెబితే, మీకు అలా అనిపించి ఉంటుంది నాన్నా అంది. మా ఆవిడ అంతకన్నా సూటి. అల్లుడు ముచ్చటపడి పెట్టించాడు, మూడు నెలలు బాగుందని ఊరుకుని ఇప్పుడు పనిలో తప్పులొస్తే దీపాల మీదికి తోస్తారేంటండీ, వింటే ఏమనుకుంటాడు అంది. ఏమనుకుంటాడు! నేను ఏమనుకుంటున్నానో ఈ ఇంట్లో ఏ ఫోనులోనైనా కనిపిస్తుందా?

ఐదూ ఇరవై అయిదు. నేను దీపాన్ని, దీపం నన్ను. బయట మధ్యాహ్నం నుంచి ముసురు, వెలుతురు చచ్చిపోయింది, వీధిదీపం అప్పుడే వెలిగింది, దాని ముఖం కామెర్ల ముఖం; లేకపోతే ఈ కన్ను పట్టుకుని వీధిలోకి వెళ్ళి తేల్చుకునేవాణ్ణి. పొద్దున్నే తట్టి ఉండవలసింది, ఇప్పుడు తట్టింది, బల్ల సొరుగులో పంతులమ్మ బిళ్ళ ఉంది. నా దగ్గరికి వచ్చిన ప్రతి ఒక్కరి ఉన్న కన్ను రంగునూ ఒక బిళ్ళమీద వేసి, వెనక గుర్తు రాసి దాచుకుంటాను. ఇది ఎనిమిదేళ్ళ కిందటిది, ట్యూబులైటు ధర్మరాజ్యం చేస్తున్న రోజులది. తీసి కన్ను పక్కన పెట్టాను. రెండూ ఒకటే. కవలల్లా ఉన్నాయి. అలాగే ఉంటాయి మరి, ఈ దీపం కింద వేసింది గనుక ఈ దీపం కింద సాక్ష్యం చెబుతుంది. సాక్షిని దొంగ ఇంట్లోనే కూర్చోబెట్టి విచారిస్తే ఏం ప్రయోజనం? అల్లుడుగారి ఏలుబడిలో లేని వెలుగు కావాలి. హాలు ఆయనది, పడకగదులు ఆయనవి, మెట్లు ఆయనవి, స్నానాలగది కూడా ఆయనదే, అక్కడ కూడా మనిషికి తెలియకుండా సాయంత్రం అవుతుంది. కూర్చున్నవాణ్ణి లేచాను. పదమూడో దీపం ఒకటి ఉంది ఇంట్లో. ఏ ఫోనుకూ లొంగనిది, పొద్దున్నకీ సాయంత్రానికీ తేడా ఎరగనిది, తలుపు తీస్తే వెలిగేది మూస్తే ఆరేది, సామ్రాజ్యం మధ్యలో కప్పం కట్టని చిట్టచివరి సంస్థానం. ఫ్రిజ్.

వంటింట్లోకి వెళ్ళి తలుపు తీశాను. పాలగిన్నె జరిపి, కోడిగుడ్ల పక్కన కన్ను పెట్టాను, కన్ను పక్కన బిళ్ళ పెట్టాను, మోకాళ్ళమీద కూర్చున్నాను. చల్లగా ముఖానికి కొట్టింది. అది గొప్ప వెలుగని అనను, చౌక తెలుపు, మాంసం కొట్టువాడు కూడా మెచ్చని తెలుపు. కాని కదలని తెలుపు. అందులో రెండూ విడిపోయాయి. బిళ్ళ ఎనిమిదేళ్ళ కిందటి పంతులమ్మ. కన్ను చెరువు అడుగున నానిన ఆకు. అంచులో నేను వేసిన గోధుమ, గోధుమ కానే కాదు, నాచు. కళ్ళు మూసి తెరిచాను, తలుపు మూసి తెరిచాను, కన్ను అటుపెట్టి బిళ్ళ ఇటుపెట్టాను. నాచే. పట్టుకున్నాను! అని అరవాలనిపించింది, ఎవరిని పట్టుకున్నానో, ఎక్కడ పట్టుకున్నానో చెబితే నవ్వుతారని ఊరుకున్నాను. ఈలోగా ఫ్రిజ్ కీచుకీచుమని మొరపెట్టడం మొదలుపెట్టింది, తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంచానని. ఆ చప్పుడుకు మా ఆవిడ వచ్చింది. మొగుడు వంటింట్లో మోకరిల్లి కోడిగుడ్ల మధ్య కంటిని ఆరాధిస్తుంటే ఏ ఇల్లాలైనా ఏమంటుంది?

“ఏమండీ, అది అక్కడ పెట్టారేంటి? రేపు నేను చూసుకోకుండా చెయ్యి పెడితే?”

వచ్చి చూడమన్నాను. వంగి చూసింది. రెండింటికీ తేడా కనిపిస్తోందా అన్నాను. ముందు కళ్ళజోడు తుడుచుకుంది, తర్వాత చూసింది, తర్వాత నా ముఖం చూసింది. ముప్పై నాలుగేళ్ళుగా నా మాట కాదన్నప్పుడల్లా ఆమె ముఖంలో ఒక వెలుగు ఉండేది, ఒక ఆట ఉండేది. ఇప్పుడు అది లేదు. జాలి ఉంది.

“రెండూ ఒకేలా ఉన్నాయండీ. రేపు పొద్దున్న డాక్టరు దగ్గరికి వెళ్తాం కదా. లేవండి, మోకాళ్ళు పట్టేస్తాయి.”

లేచాను. చెయ్యి అందించింది, పట్టుకునే లేచాను. మళ్ళీ కుర్చీ, మళ్ళీ బల్ల. ఐదూ నలభై. ఇప్పుడు దీపం ఎలా ఉందో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. నాకు మాత్రమే కనిపించే తేడా తేడాయేనా? శుక్లమున్నవాడికి లేనివి కనిపిస్తాయా, ఉన్నవి కనిపించవా, లేక రెండూనా? ఇంటిల్లిపాదీ ఒకటంటే ఒక్కడు రెండంటే, ఆ ఒక్కణ్ణి మహానుభావుడు అనడం కథల్లోనే, ఇళ్ళల్లో మాత్రం మాత్ర వేసి పడుకోబెడతారు. మా గురువుగారు చివరి రోజుల్లో ఒక కన్ను నా చేతికిచ్చి, దీని ఎరుపు సరిగ్గా ఉందా అని అడిగారు. ఎక్కువైంది. చాలా ఎక్కువైంది, చూసేవాడికి ఏడ్చిన కన్నులా ఉంది. బాగుందండీ అన్నాను. ఆయన తలూపి ఆ కన్నును పంపించేశారు. ఎవరు పెట్టుకుని తిరిగారో పాపం, జీవితాంతం ఒక పక్క ఏడుస్తూ. ఆ రోజు ఆయనకు నిజం చెప్పకపోవడం గౌరవమా? గౌరవమనే అనుకున్నాను. ఇవాళ నాకు చూపిస్తున్నారే, అదే. గౌరవమంటే ఇంత దుర్మార్గంగా ఉంటుందని ఇటుపక్కన కూర్చుంటే గాని తెలియదు. నాకు ఒక మొరటు మనిషి కావాలి ఇప్పుడు, ముఖంమీద కొట్టినట్టు చెప్పే మనిషి, నీ కళ్ళు పోయాయని గాని, నీ దీపం తగలెయ్యమని గాని. ఈ ఇంట్లో దొరకడు. పంతులమ్మ ఒక్కతే మిగిలింది, ఆమె కూడా నవ్వుతూ చెప్పే రకం. ఆమెకు నేనేమీ చెప్పకూడదు. కన్ను నాచురంగులో ఉందని నేనే అన్నానంటే, అవునండీ అంటుంది; బాగుందా అని అడిగానంటే, బాగుందండీ అంటుంది. సాక్షికి మాట అందించకూడదు. నోరు మూసుకోవాలి. ఈ మూడు నెలల్లో అది నాకు బాగానే అలవాటైంది.

గంట మోగింది. ఆరుకు ఇంకా అయిదు నిమిషాలుంది. తలుపు తీస్తే పంతులమ్మ, ఆమె వెనక, ఆమె గొడుగు మడిచి పట్టుకుని, ఎప్పుడూ ఆరున్నరకు గాని రాని అల్లుడుగారు. ముసురని ముందే వదిలిపెట్టారట. నాకు తెలుసు, దుర్ముహూర్తమంతా ఒకేసారి వస్తుంది. పంతులమ్మ చీర అంచు పిండుకుంటూ, రేపు మా బడికి తనిఖీ ఉంది బాబాయిగారూ, పెట్టుకునే వెళ్ళాలి అంది. కుర్చీలో కూర్చుంది, పాత కన్ను తీసి డబ్బాలో పెట్టింది, కొత్తది నేనే అమర్చాను. చెయ్యి వణకలేదు, దానికి ఇంకా ఎవరూ ఏమీ చెప్పలేదు. చేతి అద్దం అందించాను. చూసుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. బాగానే ఉన్నట్టుంది కదండీ అంది. ఉన్నట్టుంది! అల్లుడుగారు గుమ్మంలో నిలబడి, మామయ్యగారి చెయ్యే వేరు అన్నారు. చాలా బాగా కుదిరింది అని మా ఆవిడ అంది. నాన్నా, ఇంక మీరు దిగులు పడకండి అని అమ్మాయి మెట్లమీదినుంచి అంది. నలుగురూ నవ్వుతున్నారు. తేనెలో మునిగిన నాలుగు ముఖాలు, నా మీద ఎంత దయ వాటిలో. నేను సరేనంటే అయిపోతుంది. పంతులమ్మ పెట్టుకుని వెళ్ళిపోతుంది, రేపు తనిఖీకి వచ్చినవాళ్ళ ముందు నిలబడుతుంది, పట్టపగటి వెలుగులో, మూడో తరగతిలో, నలభై జతల నిక్కమైన కళ్ళ ఎదుట.

“బాబూ,” అన్నాను. “ఈ దీపాన్ని తెల్లగా చేయండి. మీ దీపం నా పని చెడగొడుతోంది. మూడు నెలలుగా.”

అల్లుడుగారు ముఖం చిన్నబుచ్చుకోలేదు. అంతకన్నా ఘోరం, ఆశ్చర్యపోయారు.

“మొదటిరోజే చెప్పుంటే ఈ గది ఒక్కదాన్నీ తెల్లగా ఉంచేసేవాణ్ణి కదా మామయ్యగారూ. అర నిమిషం పని.”

అర నిమిషం. దర్జీ రెండు నెలలు అద్దం ముందు నిలబడటం మానేశాడు, ఒక పసివాడి ప్రశ్నకు పంతులమ్మ నవ్వవలసి వచ్చింది, నన్ను నేను రాత్రుళ్ళు నా కళ్ళెదుట చేయి ఊపి పరీక్షించుకున్నాను, దానికి ఖరీదు అర నిమిషం. ఎవరిమీద మండిపడాలి ఇప్పుడు? మూడు నెలలుగా కష్టపడి పోగుచేసుకున్న కోపమంతా తీసుకుని ఎవరి గుమ్మానికి వెళ్ళాలి? వెతుక్కుంటూ వెళితే నా గుమ్మానికే వచ్చేటట్టుంది, నేనే తలుపు తీసేటట్టున్నాను. ఆయన ఫోను తీశారు, వేలు పెట్టారు. గది తెల్లబడింది. సూర్యచంద్రులను నిలబెట్టడం అంత సులువని నాకు ఎవరూ చెప్పలేదు.

నేను పంతులమ్మ ముఖం చూశాను. చూసి, బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను. నోరు విప్పలేదు. మిగతావాళ్ళు కూడా చూశారు. ఇప్పుడూ బాగానే ఉంది అంది మా ఆవిడ, అవునన్నారు అల్లుడుగారు, అమ్మాయి దగ్గరికి వచ్చి చూసి రెండూ ఒకటే నాన్నా అంది, నా భుజం మీద చెయ్యి వేస్తూ. ముగ్గురు సాక్షులు. న్యాయస్థానం లేవబోతోంది. పంతులమ్మ మాత్రం అద్దం దించలేదు. చాలాసేపు చూసుకుంది. ముఖం దీపానికేసి ఎత్తి చూసుకుంది, ఉన్న కన్నుమీద అరచెయ్యి అడ్డం పెట్టింది, చప్పున తీసేసి నవ్వుకుంది, ఉన్న కన్ను మూస్తే చూసేదేముందని. తర్వాత ఆ నవ్వు పోయింది. తల వంచి, ఎడమకన్ను తీసి, పైట చెంగుతో తుడిచి, నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

“పచ్చబడింది బాబాయిగారూ. అంచున బాగా కనిపిస్తోంది. ఏమీ అనుకోకండి, ఇది నేను పెట్టుకోలేను.”

ముప్పై ఏడేళ్ళలో ఎవరూ నాతో ఇంత మంచి మాట అనలేదు. అంచున! సరిగ్గా అంచున! మనసారా ఆశీర్వదించాలనుకుని ఆ పిల్ల తలమీద చెయ్యి పెట్టబోయి, చేతిలో కన్నుందని ఆగిపోయాను. తిరిగివచ్చిన మూడో కన్ను. దీనితో నా పని అయిపోవాలి, డాక్టరు లెక్కలో. తప్పు, నూటికి నూరుపాళ్ళూ తప్పు, ఇంత చక్కని తప్పును ఇంత చక్కగా చూసిన కళ్ళు నావి, రేపు ఎనిమిదింటికి ఎవరి ముందైనా తెరిచి చూపిస్తాను, శుక్లముంటే ఉండనీ, అది దాని పని అది చేసుకుంటుంది, నా పనికి అడ్డురాలేదని మాత్రం తేలిపోయింది. తనిఖీ ఎన్ని గంటలకమ్మా అని అడిగాను. పదింటికట. నల్లబిళ్ళ కొత్తది తీశాను, తుప్పురంగు మూత తిప్పాను. రెండు గంటలు కదలకుండా కూర్చోగలవా అంటే, ఇంటికి ఫోను చేసి కూర్చుంటాను అంది. మా ఆవిడ ఏదో అనబోయి, నా ముఖం చూసి, కాఫీ కలపడానికి వెళ్ళింది; ఆమె ముఖంలో ఆ పాత ఆట మళ్ళీ వచ్చింది, మొగుడు చేతికి దొరికాడని. అల్లుడుగారు ఆసక్తికొద్దీ ముందుకు వచ్చి, బల్లమీదికి వంగి, ఎక్కడ పచ్చబడిందో తనకూ చూపించమంటున్నారు. బిళ్ళమీద ఆయన తల నీడ పడింది.

“చూపిస్తాను బాబూ, తర్వాత,” అన్నాను. “ముందు పక్కకు జరగండి. వెలుగుకు అడ్డొస్తున్నారు.”